తొంభై తొమ్మిదిని వదిలేసిన మా అల్లుడు

మా అల్లుడు ఏం పని చేస్తాడని ఎవరు అడిగినా నేను కాస్త పెంచే చెప్పేదాన్ని. "లాండ్రీ కంపెనీ మొత్తం ఆయన చేతి మీదే నడుస్తుంది" అనేదాన్ని. అది అబద్ధమని నాకు తెలుసు. పదిమందిలో అల్లుడి గురించి ఆ మాత్రం అబద్ధం ఆడని అత్త ఉంటుందా. తీరా అది అబద్ధం కాదని తెలిసిన రోజున నాకు తిండి సహించలేదు.

మా అమ్మాయి అతన్ని మొదటిసారి ఇంటికి తీసుకొచ్చినప్పుడు మనిషి ఎలా ఉన్నాడయ్యా అంటే, ఆరేసిన చొక్కాలోంచి మనిషి జారిపోయినట్టు ఉన్నాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. "ఏం చేస్తారు మీరు?" అని అడిగాను.

"రిపోర్టులు రాస్తానండి" అన్నాడు.

"ఎవరి మీద?" అన్నాను. నాకు తెలిసిన రిపోర్టు అదొక్కటే. సూపర్‌వైజరు మన మీద రాసి పైకి పంపేది.

మా అమ్మాయి పగలబడి నవ్వింది. అతను మాత్రం నవ్వకుండా అరగంట కూర్చుని నాకు ఓపికగా చెప్పాడు. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు ఉతికే పెద్ద కంపెనీ ఒకటుంది. ఆ కంపెనీకి కంప్యూటర్ పని చేసిపెట్టే చిన్న సంస్థలో తను ఉన్నాడు. అందరూ కలిసి ఆరుగురు. కంపెనీకి ఊళ్లో అక్కడా ఇక్కడా పదిహేను లాండ్రీలు. ఏ లాండ్రీలో ఎన్ని కిలోలు ఉతికారు, ఎంతమంది పనికొచ్చారు, మరక పోక మళ్లీ ఉతికినవి ఎన్ని, ఇదంతా రోజూ కుప్పగా వచ్చి కంప్యూటర్లో పడుతుంది. ఆ కుప్పలోంచి ఏది ఏరాలో, ఏది దేనితో కలపాలో, ఏది వదలాలో కంప్యూటర్‌కి అర్థమయ్యే మాటల్లో ఇతను రాసిపెడతాడు. అది ఏరి, కూడి, ఒక కాగితం తయారు చేస్తుంది. ఆ కాగితం ప్రతి సోమవారం తొమ్మిదింటికి పెద్దవాళ్ల బల్ల మీదకు చేరుతుంది.

"అంటే మేం ఉతికినవి మీరు మడతపెడతారన్నమాట" అన్నాను.

అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు చూసే సంబంధం ఖాయం చేశాను.

"మేం" అని నేను ఊరికే అనలేదు. ఆ కంపెనీ నాలుగో నంబరు లాండ్రీలో మడతల బల్ల దగ్గర నేను ఇరవై ఆరేళ్లు నిలబడ్డాను. నేను చదివింది నాలుగో తరగతే అయినా, నా చేతి కింద నుంచి వెళ్లిన దుప్పటి ఒక్కటీ వెనక్కి రాలేదు. మోకాళ్లు మొరాయించాక మానేసి, వీళ్లింటికి వచ్చి చేరాను.

అల్లుడి ఆఫీసు వాళ్లు అద్దె గది వదిలేసి ఎవరింట్లో వాళ్లు కూర్చుని పని చెయ్యమన్నప్పటి నుంచి మా భోజనాల బల్ల అతని కంప్యూటర్ బల్ల అయింది. నాలుగు కుర్చీల్లో మూడు ఆయనగారివే. ఒకదాంట్లో తను, ఒకదాంట్లో సంచి, ఒకదాంట్లో వైర్లు. నేనూ అమ్మాయీ వంతులేసుకుని నాలుగోదాంట్లో తినేవాళ్లం.

అతని పని పద్ధతి నాకు మొదట్లో నవ్వు తెప్పించేది. రిపోర్టు తయారయ్యాక దాన్ని వెంటనే పంపడు. పిల్లల లెక్కల పుస్తకం లాంటి గళ్ల పుస్తకం ఒకటి తీసి, అందులో ఏదో ఒక నిలువు వరస దించుకుని, పెన్సిలుతో తనే కూడి చూస్తాడు.

"కంప్యూటర్‌కి కూడికలు రావా అల్లుడుగారూ?" అనేదాన్ని.

"వస్తాయి అత్తయ్యా. నేను చెప్పింది సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటున్నాను."

అతను ఈ పనిలో ఉన్న పన్నెండేళ్లలో ఆ కూడిక ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పదు మరి. అక్కడ ఉన్నవాటిని ఎవరు కూడినా ఒకటే వస్తుంది. లేనిదాన్ని పెన్సిలు ఎలా కూడుతుంది?

కిందటి సంవత్సరం కంపెనీకి కొత్త డైరెక్టరు వచ్చాడు. పాతాయన చెప్పులరిగేలా లాండ్రీలన్నీ తిరిగేవాడు. సబ్బు వాసన చూసి ఎక్కువైందో తక్కువైందో చెప్పేవాడు. సోమవారం కాగితం ఆయన చదివేవాడో, టీ గ్లాసు కింద పెట్టుకునేవాడో దేవుడికే తెలియాలి. కొత్తాయన అలా కాదు. ఎక్కడికీ వెళ్లడు, అన్నీ కాగితం మీద చూస్తాడు. వచ్చిన నెలలోనే కొత్త రిపోర్టు అడిగాడు. ఏ లాండ్రీలో మనిషికి ఎన్ని కిలోల పని జరుగుతోంది, బొమ్మ గీసి చూపించాలి. బాగా చేసేవాళ్లు ఆకుపచ్చ, చెయ్యనివాళ్లు ఎరుపు. పది రోజుల్లో కావాలి.

మా అల్లుడికి పైన ఒక లీడరమ్మ ఉంది. ఆవిణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు, కంప్యూటర్లోంచి గొంతు మాత్రం రోజూ మా భోజనాల బల్ల మీద వినిపిస్తుంది.

"నెల రోజులు కావాలి మేడమ్. మొదటి నుంచి రాస్తేనే మంచిది" అన్నాడు ఇతను.

"మొదటి నుంచి రాసేంత టైమ్ ఎవరిచ్చారయ్యా. తూకాల రిపోర్టు నీ దగ్గరుంది. హాజరు రిపోర్టు నీ దగ్గరుంది. రెండూ కలిపి కుట్టెయ్."

కుట్టేశాడు. పది రోజులూ మెడ ఎత్తలేదు. పదకొండో రోజు డైరెక్టరు చాలా బావుందన్నాడట. మా అమ్మాయి మొగుడికి కొత్త చొక్కా కొనిపెట్టింది. నేను ఊరుకుంటానా, పాత లాండ్రీ స్నేహితులున్న చోటికి బస్సెక్కి మరీ వెళ్లి, "ఇకమీదట మీ అందరి జాతకాలూ మా అల్లుడి చేతిలోనే" అని చెప్పొచ్చాను. అన్న మాట వెనక్కి తీసుకునే వీలుంటే బావుండేది.

మా పాత నాలుగో నంబరు భవనం గోడలు బీటలిస్తే, నాలుగేళ్ల కింద అక్కడి వాళ్లందరినీ రైలు పట్టాల పక్కన ఒక రేకుల షెడ్డులోకి మార్చారు. ముప్పై ఎనిమిది మంది. కొన్నాళ్లకే అన్నారు, అక్కడే ఉండిపోయారు. వాళ్లలో మడతల వదిన ఒకతి. పదిహేనేళ్లు నేను దుప్పటికి ఈ కొస పట్టుకుంటే ఆవిడ ఆ కొస పట్టుకుంది. వరసకు వదిన కాదు, పిలుపుతో వదిన అయింది.

ఒక గురువారం మధ్యాహ్నం మడతల వదిన మా ఇంటికి వచ్చింది. పనివేళలో ఆవిడ గుమ్మంలో కనిపిస్తే ఏదో జరిగిందని అర్థం. వంటగది పీట మీద కూర్చుని మంచినీళ్లు తాగి చెప్పింది.

"ఎల్లుండి శనివారం మూసేస్తున్నారు వదినా."

"ఏం మూసేస్తారు?"

"మన లాండ్రీ. ఆ షెడ్డు ఇంకెవరికో ఇచ్చేశారంట. మా సూపర్‌వైజర్ని నిన్న పెద్దాఫీసుకి పిలిచి బొమ్మ చూపించారంట. అందరికీ ఇంతింత గీతలున్నాయి. మా పేరు దగ్గర గీతే లేదు. ముప్పై ఎనిమిది మంది, పని సున్నా అని ఎర్ర అక్షరాల్లో ఉందంట."

"సున్నా ఏమిటి? రోజుకి ఎన్ని లారీలొస్తాయి?"

"అదే అన్నాడంట ఆయన. రోజుకి నాలుగు టన్నులు ఉతుకుతున్నామండీ, ఒక్కసారి వచ్చి కళ్లతో చూడండీ అన్నాడంట. ఉతికితే ఇందులో ఉండాలి కదా, లేదంటే మీరు ఉతకట్లేదన్నమాట, అన్నారంట. నాలుగు టన్నులు వదినా. నా నడుము విరిగి నాలుగేళ్లయింది, అదీ సున్నాయేనేమో."

మా వంటగదికీ భోజనాల బల్లకీ మధ్య నాలుగడుగులు. అటు కంప్యూటర్ మీద వేళ్ల చప్పుడు ఆగిపోయింది. వదిన మెడ సాచి అటు చూసింది.

"బాబూ, అదంతా నువ్వే రాస్తావని మీ అత్తగారు అంటుంటుంది. మా వరసలో ఏదన్నా తేడా పడిందేమో ఓసారి చూసిపెట్టు. నీకు పుణ్యముంటుంది."

"చూస్తానండి" అన్నాడు. అతని ముఖం నాకు కనిపించలేదు, వీపు మాత్రమే కనిపించింది.

వదినను మెట్ల దాకా సాగనంపి వచ్చేసరికి పావుగంట పట్టి ఉంటుంది. అల్లుడు కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆస్పత్రి గది బయట కూర్చున్నవాళ్లు అలా కూర్చుంటారు.

"అత్తయ్యా, ఒకసారి ఇలా రండి."

తెర మీద చీమల బారుల్లాంటి అక్షరాలు. వాటిలో ఒక బారు మీద వేలు పెట్టాడు.

"ఇది చూడండి. తొంభై తొమ్మిది వస్తే వదిలెయ్ అని ఉంది. పన్నెండేళ్ల కింద నేనే రాశాను."

నాకేం అర్థం కాలేదన్నాను. అతను మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. సగంలోనే నాకు అర్థమైంది, ఎందుకంటే ఆ పని మేమూ చేశాం. లాండ్రీకి కొత్త మిషను వచ్చినప్పుడు చిరిగిన దుప్పట్లు వేసి తిప్పి చూస్తాం. అవి ఎవరివీ కావు కాబట్టి తూకం పుస్తకంలో ఎక్కించం. ఇతనూ అంతే. తూకాల రిపోర్టు మొదట రాసినప్పుడు, సరిగ్గా కూడుతుందో లేదో చూడటానికి ఉత్తుత్తి లాండ్రీ ఒకటి సృష్టించి, ఉత్తుత్తి కిలోలు వేశాడు. కంపెనీకి ఉన్నవి పదిహేను, ఎంత పెరిగినా అంతదూరం పోవు కదా అని దానికి తొంభై తొమ్మిదో నంబరు పెట్టాడు. ఆ ఉత్తుత్తి కిలోలు నిజం లెక్కలో కలవకుండా, తొంభై తొమ్మిది వస్తే వదిలెయ్ అని ఒక్క లైను రాశాడు. తరవాత ఆ లైను తీసెయ్యడం మర్చిపోయాడు.

నాలుగేళ్ల కింద మా వాళ్లను షెడ్డుకి మార్చినప్పుడు పెద్దాఫీసులో నంబర్లు ఇచ్చే గుమాస్తా, ఇది కొన్నాళ్ల ముచ్చటే గదా, వరసలో నంబరు ఇస్తే తీసేటప్పుడు వరస చెడుతుంది అని ఆలోచించి, అన్నిటికంటే చివరి నంబరు ఇచ్చాడు.

"తొంభై తొమ్మిది" అన్నాను.

"తొంభై తొమ్మిది" అన్నాడు.

మనుషుల లెక్క వేరే రిపోర్టులోంచి వచ్చింది, అందులో ఆ లైను లేదు. అందుకని ముప్పై ఎనిమిది మందీ కనిపించారు. వాళ్లు ఉతికింది కనిపించలేదు. నాలుగేళ్లు ఎవరికీ తెలియలేదేమంటే, ఇంతకుముందు రిపోర్టులో లాండ్రీల పేర్లు విడిగా ఉండేవి కావు, అన్నీ కలిపి ఒకే మొత్తం వెళ్లేది. పాత డైరెక్టరు లాండ్రీని కళ్లతో చూసేవాడు.

నా నోరు ఎలాంటిదో తెలిసినవాళ్లకు తెలుసు. ఆ సాయంత్రం నేను అతన్ని అన్న మాటల్లో సగం ఇక్కడ రాయను. "పెన్సిలుతో కూడి చూసే పెద్దమనిషీ, పదిహేను గీతలుండాల్సిన చోట పద్నాలుగున్నాయని కంటికి ఆనలేదా మీకు?" అన్నాను.

"ఆనలేదు అత్తయ్యా" అన్నాడు. తిరిగి ఏమన్నా అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మా అమ్మాయి పళ్ల డాక్టరు దగ్గర పేషెంట్ల పేర్లు రాసుకునే పని చేస్తుంది. ఇంటికొచ్చి విషయం విని, చెప్పుల్తోనే కుర్చీలో కూలబడింది.

"ఏవండీ, ఇది బయటపడితే మీ ఉద్యోగం ఉంటుందా?"

"తెలీదు."

"తెలీదేమిటి?"

"రేపు మేడమ్‌తో చెప్తాను. తప్పు నాది, ఇంకో రోజుంది. సరిచేసిన కాగితం డైరెక్టరుకి చేరితే ఆపుతారు. ఆపక ఏం చేస్తారు, పని జరుగుతోంది కదా" అన్నాడు. ఆ మాట నమ్మే అన్నాడు. ఆ నమ్మకాన్ని చూస్తే నాకు భయమేసింది.

శుక్రవారం పొద్దున్నే లీడరమ్మ గొంతు మా బల్ల మీదకు వచ్చింది. అల్లుడు జరిగిందంతా చెప్పాడు.

"ఎవరెవరికి తెలుసు?" అంది.

"మా ఇంట్లో తెలుసు మేడమ్."

"అక్కడితో ఆపెయ్. ఆ లైను తీసెయ్, సోమవారం నుంచి సరిగ్గా వెళ్తుంది. ఎవరూ అడగరు."

"సోమవారానికి వాళ్లు ఉండరు మేడమ్. రేపు మూసేస్తున్నారు."

"నువ్వు మూస్తున్నావా? నేను మూస్తున్నానా? చూడు నాయనా, మనం ఆరుగురం. ఒక్క తప్పు బయటపడితే మిగతా కాగితాలన్నిటి మీదా అనుమానం వస్తుంది. కాంట్రాక్టు పీకేస్తారు. నాకు ఇంకో రెండేళ్లలో రిటైర్మెంటు. మన ఆఫీసు కుర్రదానికి నెలలు నిండుతున్నాయి. వాళ్లు ముప్పై ఎనిమిది మందైతే మనం మనుషులం కామా?"

ఆవిణ్ణి నేను తిట్టుకోలేను. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అనేదాన్నేమో.

ఇతను కంప్యూటర్ మూసేశాడు. ఆ లైను తీసేసి, సరైన రిపోర్టు ఒకటి అచ్చు తీశాడు. దాన్ని సంచిలో పెట్టుకుని, గళ్ల పుస్తకం కూడా పెట్టుకుని, నా వైపు తిరిగాడు.

"అత్తయ్యా, నన్ను ఆ లాండ్రీకి తీసుకెళ్తారా?"

అప్పుడు తెలిసింది నాకు. ఇన్నేళ్లు లాండ్రీల మీద రిపోర్టులు రాసినవాడు ఒక్క లాండ్రీ గడప కూడా తొక్కలేదు.

షెడ్డులోకి అడుగుపెట్టగానే అతని కళ్లద్దాల మీద ఆవిరి పట్టింది. తుడుచుకున్నాడు, మళ్లీ పట్టింది. చివరికి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తడి దుప్పట్లను బండ్ల మీద తోసేవాళ్లు తోస్తున్నారు, ఇస్త్రీ రోలరు దగ్గర ఇద్దరు దుప్పటి కొసలు లాగి అందిస్తున్నారు, అవతల ఇద్దరు అందుకుంటున్నారు. రేపటితో సరి అని తెలిసినా ఎవరి చెయ్యీ ఆగలేదు. లారీ వచ్చి ఉంది, ఆస్పత్రి వాళ్లకు దుప్పట్లు కావాలి.

మడతల వదిన దూరం నుంచే కేకేసింది. "ఏం వదినా, అల్లుణ్ణి ఉతికించడానికి తెచ్చావా? మరక ఎక్కడో చూపించు, రెండు తిప్పుల్లో పోగొడతాం."

పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

అల్లుడు తూకం మిషను పక్కన నిలబడి గళ్ల పుస్తకం తీశాడు. ఒక్కో బండి తూకానికి ఎక్కినప్పుడల్లా పెన్సిలుతో రాసుకున్నాడు. నూట పది. తొంభై ఆరు. నూట ఇరవై. గంటన్నర నిలబడ్డాడు. చెమటకి కొత్త చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తూకం గుమాస్తా, "నేను రోజూ ఎక్కిస్తూనే ఉన్నానండీ, ఒక్క బండి వదల్లేదు" అంటున్నాడు. "తెలుసండీ, మీరు వదల్లేదు" అంటున్నాడు ఇతను.

నేను అతన్ని సబ్బు పీపాల వెనక్కి లాగి చెప్పాను. "తిన్నగా డైరెక్టరు దగ్గరికి వెళ్లండి. వీళ్లకి మాత్రం చెప్పకండి. ఏదో కంప్యూటర్ తప్పు అందాం."

"కంప్యూటర్ తప్పు కాదు కదా అత్తయ్యా."

"నేను వీళ్లకి ముఖం చూపించాలి కదా" అన్నాను. ముప్పై ఎనిమిది మంది కూడు పోతుంటే నాకు నా పరువు గుర్తొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ గుర్తొచ్చింది అదే.

అతను గళ్ల పుస్తకం సంచిలో పెట్టుకుని బయటికి నడిచాడు.

అక్కడి నుంచి పెద్దాఫీసుకి ఇంకో బస్సు. నేను కింద అద్దాల గదిలో కూర్చున్నాను. ఎదురుగా గోడ గడియారం ఉంది. రెండుంబావుకి పైకెళ్లినవాడు మూడింటికి దిగాడు. లిఫ్టు పక్కనే ఉన్నా మెట్ల మీదుగా వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. అతను తల అడ్డంగా ఊపాడు, అంతే.

బస్సులో ముక్కలు ముక్కలుగా చెప్పాడు. డైరెక్టరు అరవలేదట. కాగితం రెండుసార్లు చదివాడట. తొంభై తొమ్మిదో లాండ్రీ పదిహేనింటిలో రెండో స్థానంలో ఉంది. అది చూసి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడట.

"తప్పు రాసింది మీరే, పట్టుకుందీ మీరేనా?" అన్నాడట.

"అవునండి. ఇంకా ఒక రోజుంది. ఆపండి."

"ఏది ఆపమంటారు? షెడ్డు అద్దె పత్రం రద్దయింది. మిషన్లు అమ్మేశాం, సోమవారం వచ్చి విప్పుకెళ్తారు. ఇదంతా మీరిచ్చిన కాగితం చూసి మా బోర్డు చేసిన నిర్ణయం. ఇప్పుడు ఆ కాగితం తప్పని నేను వెళ్లి చెప్తే, మిగతా పద్నాలుగూ ఒప్పేనా అని అడుగుతారు. ఏం చెప్పను?"

ఇతను తన గళ్ల పుస్తకం తీసి, ఆ పొద్దున రాసుకున్న తూకాలు చూపించాడట. డైరెక్టరు దాన్ని ముట్టుకోలేదట.

"సోమవారం నుంచి సరిగ్గా రానివ్వండి" అన్నాడట. అయిపోయింది.

మా ఇంటి స్టాపు వచ్చింది. అతను దిగలేదు. "మీరు దిగండి అత్తయ్యా, నేను షెడ్డు దాకా వెళ్లొస్తాను" అన్నాడు. నేనూ దిగలేదు.

అయిదింటికి షిఫ్టు దిగి అందరూ చేతులు కడుక్కుంటున్నారు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. లోపలి మాటలు రేకుల మీద కొట్టుకుని బయటికి బాగా వినిపిస్తున్నాయి. మాట పెగలని మా అల్లుడు ముప్పై ఎనిమిది మంది ముందు నిలబడి, ఉత్తుత్తి లాండ్రీ సంగతి, ఆ లైను సంగతి, తను మర్చిపోయిన సంగతి, డైరెక్టరు అన్న మాట, అన్నీ వరసగా చెప్పాడు. క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదనుకున్నాడేమో.

డ్రయ్యరు దగ్గర పనిచేసే పిల్ల గొంతు వినిపించింది. "అంటే మేం వస్తే వదిలెయ్యమని రాశావా?"

"మీరు రాకముందే రాశాను. వచ్చాక చూడలేదు."

"చూడలేదు" అంది ఆ పిల్ల. ఇంకో మగగొంతు పచ్చిగా ఒక తిట్టు తిట్టింది. ఇంకెవరో ఏడుస్తున్నారు. తరవాత మడతల వదిన గొంతు.

"సరిచేసింది ఉందన్నావు కదా. ఏదీ, చూపించు."

సంచి జిప్పు తీసిన చప్పుడైంది.

"ఇదేనా మన గీత?"

"అవునండి."

"ఇంత పొడుగ్గా ఉందే. ఎన్నోది మనం?"

"రెండోది."

"మొదటిది ఎవరిది?"

"ఏడో నంబరు."

"వాళ్లకి కొత్త రోలరుంది" అంది వదిన. "మాకుంటే మేమే మొదట. సరే, ఈ కాగితం నాకొకటి ఇవ్వు. రేపెక్కడైనా పనికి వెళ్తే, ఇంతకుముందు ఏం చేశావు అంటారు. సున్నా అని చెప్పుకోలేను కదా."

అందరూ తమకూ కావాలన్నారు. తిట్టినవాడూ అడిగాడు.

శనివారం పొద్దున ఇంట్లో ముప్పై ఎనిమిది కాగితాలు అచ్చు తీశాడు. నేను భోజనాల బల్ల దగ్గర నిలబడి ఒక్కొక్కటీ మూడు మడతలు పెట్టాను. అంచుకి అంచు కలిపాను, దిండు గలీబులకు పెట్టినట్టు. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. మధ్యాహ్నం గేటు దగ్గర అతనే పంచాడు. నేను వెళ్లలేదు. మోకాలు నొప్పి అన్నాను.

అతని ఉద్యోగం పోలేదు. ఆ రిపోర్టులు అతనికి తప్ప ఇంకెవరికీ అంతుబట్టవట. లీడరమ్మ అవసరమైన దానికి మించి మాట్లాడటం మానేసింది. మా అమ్మాయి ఆ కొత్త చొక్కా ఎన్నిసార్లు ఉతికి పెట్టినా అతను మళ్లీ వేసుకోలేదు.

మడతల వదిన ఇప్పుడు మూడు అపార్టుమెంట్లలో మెట్లు తుడుస్తోంది. మా ఇంటికి రావడం లేదు. మందుల షాపు దగ్గర ఒకసారి ఎదురుపడింది. పారిపోదామనుకున్నాను, అంతలో ఆవిడే పలకరించింది.

"ఆ కాగితం ఆరు చోట్ల చూపించాను వదినా. బావుందన్నారు. చదివి, మళ్లీ మడతపెట్టి చేతికిచ్చేశారు." కాస్త ఆగి, "మడత మాత్రం ఎవరికీ సరిగ్గా రాదు" అంది. నవ్విందో లేదో చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

షెడ్డు మూసేసి వారం తిరిగాక, సోమవారం ఇదివరకటిలాగే తొమ్మిదింటికి రిపోర్టు వెళ్లింది. లైను తీసేశాడు కాబట్టి తొంభై తొమ్మిదో నంబరు తన వరసలో తను నిలబడే ఉంది. మనుషులు సున్నా, కిలోలు సున్నా, ఎర్ర రంగు. ఈసారి అది నిజమే. పదింటికి డైరెక్టరు ఆఫీసు నుంచి లీడరమ్మకీ, లీడరమ్మ నుంచి మా బల్ల మీదకీ కబురొచ్చింది.

"ఆ మూసేసిన లాండ్రీ ఇంకా కనిపిస్తోందట. పేజీ అసహ్యంగా ఉందంటున్నారు. తీసెయ్."

"ఎలా తీసెయ్యమంటారు మేడమ్?"

"ఎలా అంటే... నీకు తెలుసు కదా" అంది.

తెలుసు. ఉన్న మార్గం ఒక్కటే. తొంభై తొమ్మిది వస్తే వదిలెయ్ అని మళ్లీ రాయాలి.

నేను వంటగదిలోంచి చూస్తూ ఉన్నాను. అతను చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. టీ పెట్టి ఇచ్చాను, మీగడ కట్టింది. తీసేసి ఇంకోటి పెట్టాను, అదీ చల్లారింది. అతన్ని ఒక్క మాటైనా అనాలని నాకు అనిపించలేదు, నా జన్మలో అలాంటి పూట అదే. చివరికి వేళ్లు కదిలాయి. నాలుగైదు టకటకలు, అంతే. కంప్యూటర్ మూసి లేచాడు.

"రాశారా?" అన్నాను.

"రాశాను అత్తయ్యా."

"ఎంతసేపు పడుతుంది ఆ ఒక్క లైను రాయడానికి?"

"అర నిమిషం" అన్నాడు.

గడియారం చూశాను. ఒంటిగంట దాటింది.